మంచు పలకకు కొత్త పళ్ళు

పిల్లలూ, కరెంటు పని చేసేవాళ్ళు నాలుగైదు వైర్లను కలిపి కట్టటానికి వాడే ప్లాస్టిక్ నాడాను మీరు చూసే ఉంటారు. దాన్ని కేబుల్ టై అంటారు. ఒక కొసను రెండో కొస దగ్గర ఉన్న కన్నంలో దూర్చి లాగితే "కిర్రు" మని ముందుకు పోతుంది. వెనక్కు మటుకు రమ్మన్నా రాదు. గట్టిగా లాగితే తెగుతుందేమో గాని, వదలదు. ఈసారి ఒకటి దొరికినప్పుడు దాని మీద వేలిగోటితో గీచి చూడండి. గోరు గరగర మంటుంది. నాడా పొడుగునా సన్నని పళ్ళున్నాయన్నమాట. కన్నం లోపల చిన్న నాలుక వంటిది ఉన్నది. ప్రతి పన్నుకూ ఒక పక్క ఏటవాలు, రెండో పక్క నిటారు. నాలుక ఏటవాలు మీదుగా ఎక్కి అవతలికి జారుతుంది. నిటారు పక్కను ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది.

సైకిలు మీద పల్లంలో దిగుతూ తొక్కడం ఆపినప్పుడు వెనక చక్రం దగ్గర "టిక టిక టిక" అని వినిపిస్తుంది చూశారూ? ఆ చప్పుడు చేసేవి కూడా ఇటువంటి పళ్ళూ నాలుకలే.

నేను చెప్పబోయేది ఈ పళ్ళను గురించే. అయితే ఇవి వైర్ల కట్టలోనివీ కావు, సైకిలువీ కావు. మంచుకొండ మీద మనిషి కాలిని పలకకు కట్టి ఉంచే పళ్ళు.

పలక అంటే మీరు అక్షరాలు దిద్దిన పలక కాదు సుమా. స్నోబోర్డు అని, దాదాపు మనిషి గడ్డం దాకా వచ్చే పొడుగాటి చెక్క. రెండు కొసలూ కాస్త పైకి వంగి ఉంటాయి. దాని మీద రెండు పాదాలూ అడ్డంగా పెట్టి నిలబడి మంచు వాలులో జారుతారు. 1965 లో క్రిస్మస్ పండుగనాడు, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, మస్కీగన్ అనే ఊళ్ళో, షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన చేర్చి బిగించాడు. అదే దీనికి మొదలు. అతని భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. ముందు కొసకు ఒక తాడు ఉండేది. పిల్లలు తాడు పట్టుకుని పలక మీద ఉత్తినే నిలబడేవాళ్ళు. కాళ్ళకు కట్టు ఏమీ లేదు! 1977 లో జేక్ బర్టన్ కార్పెంటర్ అనే యువకుడు వెర్మాంట్ రాష్ట్రంలోని లండన్‌డెరీలో ఇటువంటి పలకలు చేసి అమ్మసాగాడు. 1998 లో జపానులోని నగానోలో జరిగిన శీతకాలపు ఒలింపిక్స్ నాటికి ఈ ఆట పతకాలిచ్చే ఆట అయిపోయింది. ఈ మధ్యకాలంలో పలక కన్న ఎక్కువగా మారినది కాలి కట్టు.

నేను ఉండేది ఆ వెర్మాంట్ రాష్ట్రంలోనే. మన గోదావరి జిల్లాల్లో పిల్లలు కాలవలో ఈత నేర్చుకున్నట్టు ఇక్కడి పిల్లలు మంచు మీద జారటం నేర్చుకుంటారు. మా ఊళ్ళో బడిపిల్లలకు ఒక క్లబ్బు ఉన్నది. చలికాలం శనివారాల్లో అక్కడి మరమ్మతు బల్ల దగ్గర కూర్చోవటం నా పని. నా ముందు ఒక స్క్రూడ్రైవరూ, చిన్న సొరుగులున్న ఒక పెట్టే ఉంటాయి. సొరుగుల్లో ఉండేవన్నీ చిన్న చిన్న వస్తువులు: స్క్రూలు, వాషర్లు, నట్లు, స్ప్రింగులు, పళ్ళపట్టీలు. ఆ పెట్టె మొత్తం అమ్మితే ఒక కొత్త పలక రాదు. కాని అందులోది ఒక్కటి లేకపోతే కొత్త పలక కూడా కదలదు.

ముందు కట్టు ఎట్లా ఉంటుందో చెప్పాలి. దాన్ని బైండింగు అంటారు. పాదం కింద ఒక అడుగు భాగం, మడమ వెనక పిక్కకు ఆనుకునే వీపు ఒకటి, పైన రెండు పట్టీలు. ఒక పట్టీ చీలమండ మీదుగా, రెండోది కాలివేళ్ళ మీదుగా పోతుంది. పట్టీ రెండు ముక్కలు. ఒక ముక్క మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. దాని చివర మీట ఉన్న బిగింపు ఉన్నది. రెండో ముక్క సన్నని ప్లాస్టిక్ పళ్ళపట్టీ. చూడటానికి బొమ్మ నిచ్చెనలా ఉంటుంది గనక ఇక్కడివాళ్ళు దాన్ని నిచ్చెన అనే పిలుస్తారు. దీన్ని బిగింపులో దూర్చి మీటను కిందికీ పైకీ ఆడిస్తే ఒక్కొక్క పన్నే ముందుకు జరిగి పట్టీ బిగుస్తుంది. విప్పాలంటే రెండో చిన్న మీట ఎత్తాలి. అప్పుడు నాలుక పైకి లేచి పళ్ళను వదిలేస్తుంది.

పలక మీద నిలబడ్డవాడు వేళ్ళ మీదికి వాలితే ఒక వైపుకూ, మడమల మీదికి వాలితే రెండో వైపుకూ తిరుగుతాడు. వేళ్ళ మీదికి వాలినప్పుడు మడమ పైకి లేవబోతుంది. చీలమండ పట్టీ దాన్ని లేవనివ్వదు. మడమల మీదికి వాలినప్పుడు వేళ్ళు లేవబోతాయి. వేళ్ళ పట్టీ ఆపుతుంది. కొండ మీద నుంచి కిందికి వచ్చే లోపల ఇట్లా కొన్ని వందల సార్లు జరుగుతుంది.

ఇక్కడ ఇంకొక సంగతి ఉన్నది. స్కీల కట్టు మనిషి పడగానే దానంతట అది ఊడిపోయేటట్టు చేస్తారు. లేకపోతే పొడుగాటి స్కీ కాలిని మెలితిప్పుతుంది. స్నోబోర్డు కట్టు మటుకు పడ్డా ఊడకూడదు. రెండు కాళ్ళూ ఒకే పలక మీద ఉన్నాయి గదా! ఒకటి ఊడి రెండోది ఊడకపోతే, పలక బరువంతా ఆ ఒక్క కాలి మీద పడి మోకాలిని మెలిపెడుతుంది. కనక ఈ కట్టు పట్టిందంటే మనం విప్పిందాకా పట్టే ఉండాలి. ఆ పట్టు అంతా ఆఖరికి ఆ ప్లాస్టిక్ పళ్ళ మీదే ఆధారపడి ఉన్నది.

పళ్ళు అరుగుతాయి. నాలుక లోహంది, పట్టీ ప్లాస్టిక్‌ది; రెండూ రాసుకుంటే మెత్తనిదే ముందు అరగటం సహజం. నన్నడిగితే అది మంచిదే. అరిగేది 10, 20 డాలర్ల పట్టీ. అది అరగకుండా మొండికేసి బిగింపునే అరగదీస్తే ఖర్చు ఇంకా పెరిగేది. కొత్త బైండింగు జత కొనాలంటే 200 డాలర్లో, 300 డాలర్లో పోయాలి. పళ్ళు అరిగిన పాపానికి జత మొత్తం పారేసేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళను చూస్తే, చెప్పు తెగితే కుట్టించుకోకుండా కొత్త జోడు కొనేవాళ్ళు గుర్తుకు వస్తారు.

పోయిన చలికాలంలో ఒక శనివారం పొద్దున పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె తన పలకను నా బల్ల మీద పెట్టింది. "వెనక కాలి కట్టు జారిపోతున్నది. వంపు తిరిగినప్పుడల్లా 'కర్రు' మని వదులవుతున్నది," అన్నది. ఆ కట్టు మొదట వాళ్ళ అన్నది. అతనికి పాదం పెరిగాక ఈమెకు వచ్చింది. "ఇది పాడయితే ఈ ఏడు కొత్తది కొనటం పడదని అమ్మ ముందే చెప్పింది," అని కూడా అన్నది. జారిపోతున్న సంగతి ఇంట్లో చెప్పకుండా, రెండు వారాలుగా ఆ పట్టీ మీద బూటు నాడా ఒకటి చుట్టి లాక్కొస్తున్నది!

వెనక పట్టీ చూశాను. అందులో ఇరవై పళ్ళ దాకా ఉన్నాయి. వాటిలో మూడే మూడు అరిగి, కొసలు గుండ్రంగా అయి ఉన్నాయి. మిగతావి కొత్తవాటిలాగే ఉన్నాయి. ఎందుకని? అదే బూటు, అదే పాదం. కట్టిన ప్రతిసారీ నాలుక వచ్చి ఆగేది ఆ మూడు పళ్ళ దగ్గరే. మిగిలిన పళ్ళ మీదుగా అది దాటిపోతుందేగాని వాటి మీద నిలబడదు.

వెనక కాలి పట్టీయే ఎందుకు అరిగిందో కూడా మీకు తెలియాలి. కొండ పైకి పోవటానికి కుర్చీ లిఫ్టు ఉంటుంది. ఇనప తాడుకు వేలాడుతూ పోయే కుర్చీ అది. దాన్ని ఎక్కటానికి వెనక కాలు విప్పుకోవాలి. ఆ కాలితో మంచును నెట్టుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చుంటారు. పైకి పోయాక మళ్ళీ కట్టుకుంటారు. కనక రోజుకు పదిహేను సార్లు కొండ దిగితే పదిహేను సార్లూ విప్పి కట్టేది వెనక కాలికే. ముందు కాలు పొద్దున కడితే చాలావరకు అట్లాగే ఉంటుంది.

ఒకటి బాగుచెయ్యమని వచ్చినప్పుడు నాలుగూ చూడటం నాకు అలవాటు. ముందు కాలి చీలమండ పట్టీని కాస్త వంచి చూశాను. పళ్ళు చక్కగా ఉన్నాయి. కాని పట్టీని అడుగు భాగానికి బిగించే స్క్రూ కన్నం దగ్గర వెంట్రుకంత సన్నని తెల్ల గీత కనిపించింది. మీ ప్లాస్టిక్ స్కేలును బాగా వంచితే వంచినచోట తెల్లబడుతుంది గదా. అక్కడే మళ్ళీ మళ్ళీ వంచితే ఒకనాటికి పుటుక్కుమంటుంది. ఇదీ అదే. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది గనక ఆ రోజు ఇంకా త్వరగా వస్తుంది.

సొరుగు తీశాను. ఆ కొలత పట్టీ ఒక్కటంటే ఒక్కటే ఉన్నది. ఇంకొకటి తెప్పించాలంటే వారం రోజులు పడుతుంది. ఒక పట్టీ పళ్ళు అరిగి జారుతున్నది. ఇంకొకటి జారటం లేదు గాని కన్నం దగ్గర గీత పడ్డది. కొత్తది ఒక్కటే. మీరైతే ఏ కాలికి వేస్తారు? చదవటం కాసేపు ఆపి ఆలోచించండి.

ఆ అమ్మాయి వెనక కాలికే అన్నది. ఆమెకు బాధ పెడుతున్నది అదే గనక అట్లా అనటంలో తప్పులేదు.

నేను ముందు కాలికి వేశాను. ఎందుకో చెబుతాను. కుర్చీ లిఫ్టులో కూర్చున్నప్పుడు వెనక కాలు విప్పి ఉంటుంది. పలక మొత్తం ముందు కాలి కట్టుకే వేలాడుతూ ఉంటుంది. పలకా కట్లూ కలిసి నాలుగైదు కిలోలు. కుర్చీ ఊగినప్పుడల్లా ఆ బరువు పట్టీని గుంజుతుంది. కిందేమో పిల్లలూ పెద్దలూ జారుకుంటూ పోతుంటారు. కుర్చీ 10 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు ఆ గీత దగ్గర పట్టీ తెగి పలక జారిపడిందనుకోండి. ఒకటిన్నర సెకను లోపల అది నేలకు చేరుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 50 కిలోమీటర్లు! పలకకు చుట్టూ ఉక్కు అంచు కూడా ఉంటుంది. పలకను కాలికి తగిలించే తాడు ఒకటి వాడమని చాలాచోట్ల చెబుతారు గాని, అందరూ వాడరు. ఈ అమ్మాయి దగ్గర అది లేనే లేదు. వెనక పట్టీ జారితే ఆమె పడుతుంది. ముందు పట్టీ తెగితే కింద ఉన్న, ఈమెవరో కూడా తెలియనివాడి తల మీద పడుతుంది.

మరి వెనక కాలి మాట? దానికి కొత్త పట్టీ అక్కర్లేకపోయింది. మూడే పళ్ళు అరిగాయన్నాను గదా. ఎదటి పక్క మెత్తని ముక్కను బిగించే చోట రెండు మూడు కన్నాలుంటాయి. స్క్రూ విప్పి ఆ ముక్కను ఒక కన్నం అవతలికి జరిపాను. దాంతో పట్టీ పొడుగు ఒక సెంటీమీటరు మారింది. ఇప్పుడు నాలుక వచ్చి ఆగేది అరగని పళ్ళ దగ్గర. ఆమె బూటు పెట్టి, మీట ఆడించి, వేళ్ళ మీదికి వాలి చూసింది. చప్పుడు లేదు. "ఇంతేనా!" అన్నది. కొంచెం నిరాశపడ్డట్టు కూడా నాకు తోచింది. విప్పేసిన ముందు పట్టీని రంపంతో రెండు ముక్కలు కోసి చెత్తబుట్టలో వేశాను. అట్లా కొయ్యకపోతే ఎవరో ఒకరు "బాగానే ఉన్నదే" అని మళ్ళీ తగిలిస్తారు. బూటు నాడా మటుకు ఆమె తీసుకుపోయింది.

ఇక స్క్రూలు. బైండింగు మధ్య గుండ్రని బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని గుండా నాలుగు స్క్రూలు పలకలోకి దిగుతాయి. లావు 6 మిల్లీమీటర్లు. కొండ దిగేటప్పుడు పలక అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకు అవి ఒక్కొక్క పిసరే వదులవుతాయి. వీటిని వరసగా ఒక్కొక్కదాన్నే పూర్తిగా బిగించకూడదు. నవారు మంచం బిగించేటప్పుడు అటు కొంచెం, ఇటు కొంచెం లాగుతారే, అట్లా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి. చేతితోనే బిగించాలి. మర్లాడు మిషనుతో బిగిస్తే పలక అడుగు లోపలికి లాగుకుపోయి సొట్టలు పడుతుంది.

స్క్రూ పొడుగు కూడా సరిగా ఉండాలి. పొట్టిదయితే రెండు మూడు మరలే పట్టుకుని ఒకనాడు వాటిని కొరుక్కుని ఊడివస్తుంది. మరీ పొడుగుదయితే మరీ మోసం. అది కన్నం అడుగుకు తగిలి ఆగిపోతుంది. స్క్రూడ్రైవరు ఇక తిరగదు గనక బిగిసిందనుకుంటాం. కాని బిళ్ళ కింద సందు ఉండనే ఉంటుంది! అందుకని బిగించాక బైండింగును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. స్క్రూలు వదులు కాకుండా నీలిరంగు జిగురు ఒకటి పూస్తారు. అది లోహానికి మంచిదేగాని, కొన్ని రకాల ప్లాస్టిక్‌కు తగిలితే నెర్రెలు పుట్టిస్తుంది. పట్టీల దగ్గర దాని జోలికి పోకుండా ఉండటమే నయం.

బూట్లలోనూ ఇదే తంతు. వెనకటికి అన్నీ నాడాల బూట్లే. 2001 లో కొలరాడో రాష్ట్రంలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌లో మొదలైన బోవా అనే కంపెనీ నాడాకు బదులు సన్నని ఉక్కు తీగా, దాన్ని చుట్టే గుండ్రని మీటా తెచ్చింది. మీట తిప్పితే తీగ చుట్టుకుని బూటు బిగుస్తుంది. వెనక్కు తిరగదు. మీరు ఊహించే ఉంటారు, లోపల ఉన్నవి మళ్ళీ పళ్ళూ నాలుకలే! ఆ తీగ ఎన్నో సన్నని పోగులు పేనిన మోకు లాంటిది. ఒక్క పోగు తెగి వేలికి గుచ్చుకుందంటే తక్కినవీ అదే దారి పడతాయి. అప్పుడే తీగ మార్చాలి. కొన్ని రకాల్లో రాయికి తగిలితే మీట పగలకుండా ఊడి చేతికి వచ్చేటట్టు చేస్తారు. నొక్కితే మళ్ళీ కూర్చుంటుంది. పిల్లలు మాత్రం అది చూసి ఏడుస్తూ వస్తారు.

పెద్దలకు ఒక మాట. పాత పట్టీ పారేసి దుకాణానికి పోకండి. దాన్నే చేత పట్టుకుని వెళ్ళండి. చీలమండ పట్టీ వేరు, వేళ్ళ పట్టీ వేరు. కంపెనీ మారితే పళ్ళ మధ్య దూరం మారుతుంది. పాతదాని మీద 5 సెంటీమీటర్ల లోపల ఎన్ని పళ్ళున్నాయో, కొత్తదాని మీద కూడా అన్నే ఉన్నాయా అని లెక్కపెట్టండి. ఒక పన్ను తేడా ఉన్నా నాలుక సరిగా కూర్చోదు. సెకండుహాండు కట్టు కొనేటప్పుడు దాని రంగూ రూపూ కన్న ముందు దానికి పట్టీలు ఇంకా దొరుకుతున్నాయో లేదో కనుక్కోండి.

మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో ఈ ఆట ఉన్నది. 2020 లో మొదటి ఖేలో ఇండియా శీతకాలపు ఆటలు జరిగిన చోట్లలో అదొకటి. మీలో ఎవరైనా సెలవులకు అక్కడికి వెళ్ళి పలక అద్దెకు తీసుకోవచ్చు. డబ్బు ఇవ్వకముందే చేతి తొడుగులు తీసి, పళ్ళపట్టీల మీద గోటితో గీచి చూడండి. గోరు గరగర మనాలి, జారకూడదు. పట్టీలను వంచి కన్నాల దగ్గర తెల్ల గీత ఉన్నదేమో చూడండి. బూటు కట్టుకుని కాలు గాలిలోకి ఎత్తి, పలకను ముందు కాలికి వేలాడనిచ్చి ఊపండి. ఏది బాగా లేకపోయినా ఇంకొక జత ఇమ్మనండి. వెనక పదిమంది వరసలో నిలబడి ఉంటారు గనక కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.